సుభద్రమ్మ గారి బొడ్డు రక్తం పరీక్ష

ఈ ఉదయం వంటింట్లో నిలబడి ఉంటే పక్క ఫ్లాట్లోంచి వాసన వచ్చింది. ముందు సాంబ్రాణి, దాని వెనకాల పసుపు, సున్నిపిండి, కాగిన కొబ్బరినూనె. చంటిపిల్లకి నీళ్ళు పోస్తున్నారని తెలిసిపోయింది. రాజమండ్రిలో అపార్ట్‌మెంట్లు ఎంత ఎత్తుకి లేచినా ఈ వాసన మాత్రం మారలేదు. ఎవరికైనా ఆ వాసనకి మనసు మెత్తబడుతుంది. నాకు మాత్రం అనుమానం లేస్తుంది. గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళింట్లో లైటు వేశారా, తలుపులు తీశారా అని తొంగి చూడబోయి, ఛీ, ఇదేం బుద్ధే నీకు అని నన్ను నేనే తిట్టుకుని వెనక్కి వచ్చాను. ఈ బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. డాక్టర్ సుభద్ర గారు అంటించి పోయారు.

ఆవిడ పిల్లల డాక్టరు. ధవళేశ్వరంలో ఆనకట్టకి వెళ్ళే దారిలో ఒక చిన్న నర్సింగ్ హోములో పనిచేసేవారు. కాన్పులు చేసే డాక్టరు వేరే ఉన్నా, బిడ్డ బయటపడిన క్షణం నుంచి బాధ్యతంతా ఈవిడదే. కింద గదిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. చంకలో పిల్లతో ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నన్ను ఆవిడే పెట్టుకున్నారు. నా పేరు నాగమణి. ఆవిడ నోట్లో మొదటి రోజు నుంచే మణీ అయిపోయాను. పొట్టి మనిషి. మోచేతుల దాకా జాకెట్టు, ముతక నేత చీర, కాళ్ళకి మాత్రం మగవాళ్ళ చెప్పులు. ఆవిడకో అలవాటు ఉండేది. ఏదైనా తేలకపోతే గదిలో తలుపేసుకుని, పైకే, తనతో తనే వాదించుకునేవారు. ఒక గొంతు "ఇంకో రోజు ఉంచేద్దాం" అంటే, అదే గొంతు "నిక్షేపంగా ఉన్న పిల్లని ఎందుకుంచడం?" అనేది. బయట కూర్చున్నవాళ్ళు "లోపల ఎవరండీ, ఎంతకీ బయటికి రారు?" అని అడిగితే, "ఎవరూ లేరండి, ఆవిడా ఆవిడే మాట్లాడుకుంటున్నారు, కూర్చోండి" అని చెప్పేవాళ్ళం. ఇంత చదువుకున్న మనిషికి ఇన్ని అనుమానాలేంటా అని నాకు విసుగ్గా ఉండేది. డాక్టరంటే గట్టిగా ఒక్క మాట చెప్పాలని అప్పట్లో నా నమ్మకం.

ఆ పరీక్ష మా దగ్గర మొదలుపెట్టించింది ఆవిడే. లంకల్లోంచి వచ్చేవాళ్ళు మాకు ఎక్కువ. గోదావరి మధ్యలో ఊళ్ళు, పంటు ఎక్కి రేవు దాటి రావాలి. కాన్పు కాగానే రెండో రోజో మూడో రోజో ఇంటికి పోతామని తొందర. పసిపిల్లల పచ్చకామెర్లేమో సరిగ్గా ఇంటికి వెళ్ళాకే ముదురుతాయి. చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. ఏ ఒక్కరికో హద్దు దాటి మెదడుకి ఎక్కుతాయి. ఆ ఒక్కరెవరో ముందే తెలిస్తే ఆపి, నీలం లైటు కింద పెట్టి గట్టెక్కించవచ్చు. బొడ్డు కోశాక మాయ వైపు తాడులో కాస్త రక్తం మిగిలిపోతుంది. ఎలాగూ పారేసేదే. అందులోంచి కొంచెం తీసి, కామెర్లు తెచ్చే పదార్థం ఎంతుందో, గ్రూపేంటో చూస్తే, ఏ పిల్ల ముందుముందు పచ్చబడొచ్చో కొంత తెలుస్తుంది. "బిడ్డకి సూది కూడా గుచ్చక్కర్లేదు మణీ. పోతూ పోతూ తాడే మనకో మాట చెప్పి పోతుంది" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. రక్తం చూసి ఉన్న జబ్బు చెప్పడమే అప్పటికి నాకు తెలుసు. రాబోయేది చెప్పడమంటే, అబ్బో, అది వేరే సంగతి.

జనం ఊరుకుంటారా? "బొడ్డు రక్తం మీకు దేనికండీ?" అని మొదట్లో ఒకటే గోల. అమ్ముకుంటారన్నారు కొందరు. ఒక ముసలమ్మ అయితే చేతబడికే అని తేల్చేసి, నా ల్యాబు గుమ్మంలో కాపలా కూర్చుంది. పరీక్షయ్యాక గొట్టం కడిగి చూపించేదాకా కదల్లేదు. అలాంటి రోజుల్లో కోనసీమ నుంచి వచ్చిన ఒక ఆడపిల్లకి పరీక్షలో ఆ పదార్థం నంబరు బాగా ఎక్కువ వచ్చింది. చూడ్డానికి పిల్ల దివ్యంగా ఉంది. ఇంటికి పోతామని వాళ్ళ తాతగారు ఒకటే గొడవ. సుభద్రమ్మ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి "నన్ను తోసుకుని వెళ్ళండి, చూస్తాను" అన్నారు. మర్నాటికి పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. ఆ మర్నాటికి పచ్చదనం పొట్ట దాకా దిగింది. అప్పటికే లైటు సిద్ధంగా ఉంది కాబట్టి ఆపగలిగాం. ఆ తాతగారే తర్వాత ఓ అరటిగెల మోయించుకొచ్చి, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు. ఆ కబురు లంకలన్నిటికీ పాకింది.

దాంతో అనుమానం పోయి ఇంకో పిచ్చి పట్టుకుంది జనానికి. నంబరు కాస్తా మార్కులైపోయింది. "మావాడికి ఒకటిన్నరేనండి, వాళ్ళ పెదనాన్న గారి మనవడికి రెండు దాటిందంట" అని వరండాలో గొప్పలు. పిఠాపురం నుంచి ఒకాయన ఫోను చేసి, కోడలికి ఇంకా నెలుంది, నంబరు తగ్గాలంటే ఏం పెట్టమంటారండీ అని అడిగారు. జాతకం రాయించుకునేవాళ్ళు పుట్టిన టైముతో పాటు ఈ నంబరు కూడా సిద్ధాంతి గారికి చెప్పేవారట, ఆయన దాన్నీ ఏ గ్రహానికో ముడిపెట్టి రాసిచ్చేవారట. మేమంతా పడీ పడీ నవ్వుకున్నాం. సుభద్రమ్మ గారూ నవ్వారు. "పోనీలేవే, చేయించుకుంటున్నారు కదా, అదే పదివేలు" అన్నారు.

దుర్గ వచ్చింది అప్పుడే. లంకలో అరటితోటలున్న రైతుల ఆడపడుచు. తొలి కాన్పు, పుట్టింటికి వచ్చింది. వెంట వాళ్ళమ్మ సూరమ్మ. మగపిల్లాడు పుట్టాడు. బొడ్డు రక్తం నేనే చూశాను. నంబరు తక్కువ, తల్లి గ్రూపుతో పేచీ లేదు. సుభద్రమ్మ గారు పిల్లాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, సూరమ్మ చేతుల్లో పెట్టి, "మీవాడు ఫస్టు క్లాసులో పాసయ్యాడమ్మా. బాగుంది. ఇంటికెళ్ళొచ్చు. నాలుగో రోజున ఒకసారి తీసుకొచ్చి చూపించండి" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అంది సూరమ్మ, ముఖమంతా నవ్వుతో. మొదటి మాటలే విందో, చివరిది కూడా విందో నాకు తెలీదు.

నాలుగో రోజున రాలేదు. వారం తిరుగుతుండగా వచ్చారు. పిల్లాడు పాలు పట్టట్లేదు, ఏడుపు కీచుగా వస్తోందని. తువ్వాలు విప్పితే ఒళ్ళంతా పచ్చన. సుభద్రమ్మ గారు దగ్గరికి వంగి చూశారు. "ఎప్పటి నుంచి ఇంత పచ్చగా ఉన్నాడమ్మా?" అన్నారు. "పచ్చేంటండీ, రోజూ పసుపు రాసి నీళ్ళు పోస్తున్నాం కదండీ" అంది సూరమ్మ. ఆవిడ తడిగుడ్డ తీసుకుని పిల్లాడి గుండెల మీద తుడిచారు. పసుపు గుడ్డకి వచ్చింది. కింద ఒళ్ళు మళ్ళీ పచ్చగానే ఉంది. చెయ్యి తగలగానే పిల్లాడు వీపు వెనక్కి విరుచుకున్నాడు. అప్పటికప్పుడు ఆవిడే కారెక్కించుకుని పెద్దాసుపత్రికి పట్టుకెళ్ళారు. అక్కడ ఒంట్లో రక్తం మార్చారు. పిల్లాడు బతికాడు. కానీ చెవులు పోయాయి. మెడ నిలబడటానికి చాలా కాలం పట్టింది.

కొన్ని నెలల తర్వాత దుర్గ వాణ్ణి ఎత్తుకుని ఒంటరిగా వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బల్లకి ఇవతల కూర్చుని, "ఒక్క మాట అడుగుతానండి. ఆ పరీక్షే చెయ్యకపోయుంటే, వీణ్ణి మేం రోజూ భయం భయంగా చూసుకునేవాళ్ళం కదండీ? మీరు బాగుందన్నారని చూడ్డం మానేశాం. చేసి మంచి చేశారా, చెడు చేశారా? నాకు అర్థం కావట్లేదండి" అంది.  సుభద్రమ్మ గారు "ఏమోనమ్మా. చూసుకునేవాళ్ళేమో. నాకూ తెలీట్లేదు" అన్నారు. దుర్గ తల ఊపి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లని ఓదార్చొచ్చు, లేకపోతే ఇందులో మా తప్పేం లేదని గట్టిగా అనొచ్చు, తెలీదనడమేంటి! ఆవిడ ల్యాబులోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. "మానేద్దామండీ ఈ పరీక్ష" అన్నాను. "మానేస్తే ఆ కోనసీమ పిల్ల ఏమయ్యేది?" అన్నారు. "అయితే చేద్దామండీ" అన్నాను. "చేస్తే దుర్గ కొడుకు ఏమయ్యాడు?" అన్నారు. "నంబరు తప్పు రాలేదండి, వాడు పచ్చబడి వచ్చిన రోజే మిగిలిన రక్తం మళ్ళీ పెట్టి చూశాను." "తప్పు రాలేదు మణీ. తక్కువ నంబరు వచ్చినవాళ్ళలో ముదిరేది తక్కువమందికి, అంతే దాని అర్థం. ఆ తక్కువమందిలో వీడు ఉండడని కాదు. పాలు చాలకో, ఇంకెందుకో, వీడికి ముదిరింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేనేమన్నాను? బాగుంది అన్నాను." అలా అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పెద్దవాళ్ళు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. గొట్టాలు కడుగుతూ నిలబడ్డాను.

తర్వాత ఒక ఆదివారం "పద, సూరమ్మ ఇంటికి వెళ్దాం" అన్నారు. కొడతారేమోనండీ అన్నాను. "కొట్టనీ" అన్నారు. పంటు దాటి, అరటితోటల మధ్య నడుచుకుంటూ వెళ్ళాం. సూరమ్మ మమ్మల్ని చూసి పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఆ తర్వాత తిట్టింది. ఇప్పుడెందుకొచ్చారండీ, ఏం మిగిలిందని చూద్దామని వచ్చారు అంటూ మొదలుపెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఆవిడ తల వంచుకుని మొత్తం విన్నారు. విని, "పురిటి గది ఒక్కసారి చూపిస్తారా అమ్మా? అప్పుడెలా ఉందో అలాగే" అన్నారు. ఇంటి వెనక చిన్న గది అది. బాలింతకి గాలి తగలకూడదని కిటికీకి గోనెపట్టా కట్టేవాళ్ళట. సూరమ్మ పట్టా కట్టింది, తలుపు వేసింది. పట్టపగలే లోపల మసక చీకటి. దొడ్లో చెట్టుకి కాసిన నిమ్మకాయలు మూల బుట్టలో ఉన్నాయి. సుభద్రమ్మ గారు ఒకటి తీసి నా చేతికిచ్చి "మణీ, ఇది పండా, కాయా?" అన్నారు. కళ్ళు చికిలించుకుని చూశాను. తెలీట్లేదండి అన్నాను. సూరమ్మ నా చేతిలోంచి లాక్కుని, కంటి దగ్గర పెట్టుకుని, "ఇక్కడేం తెలుస్తుందండీ, బయటికి పట్టుకెళ్ళి చూడాలి" అంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చాక అలాగే మంచం పట్టె మీద కూలబడిపోయింది. నేను వెళ్ళి కిటికీ పట్టా తీసేశాను. అది పచ్చి కాయ కాదు, బాగా ముగ్గిన పసుప్పచ్చటి పండు.

తిరుగు ప్రయాణంలో పంటు మీద సుభద్రమ్మ గారు ఎవరివైపూ చూడలేదు. "నేనెందుకే ఆ ముసలావిణ్ణి అలా చేశాను? నాకు తెలుసుకోవాలని అడిగాను. ఆవిడకి చెప్పాలని కాదు. ఇప్పుడు తప్పంతా ఆవిడ గదిదే అయిపోయింది, చూడు" అన్నారు. గదిదే కదండీ మరి అన్నాను. "నేను బాగుందనకపోతే ఆ గది అలా ఉండేదా?" అన్నారు. ఉండేదేమో, ఎప్పటి నుంచో అలాగే ఉంది కదా. కానీ అప్పుడు నాలుగో రోజున తప్పకుండా వచ్చేవాళ్ళేమో. 

అప్పటి నుంచి ఆవిడ పరీక్ష మానలేదు, నంబరు చెప్పడం మానేశారు. ఎక్కువ వచ్చినవాళ్ళని ఆపేవారు. తక్కువ వచ్చినవాళ్ళకి ఒకటే పాఠం. పసుపు కొన్నాళ్ళు వద్దు, రోజూ వాకిట్లో వెలుతురులోకి తీసుకురండి, ముక్కు మీద వేలితో నొక్కి వదిలి రంగు చూడండి. "అది సరేగానీ నంబరెంతండీ?" అంటే "నా దగ్గరుంటుందిలెండి" అనేవారు. మా గోదావరి వాళ్ళు వింటారా! "మా మనవడి రిపోర్టు మాకు చెప్పరా, ఇదెక్కడి చోద్యమండీ" అని రచ్చ చేశారు. నంబరు రంగు కాగితం మీద అచ్చేసి చేతికిచ్చే వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయారు కొందరు. నేనూ వాళ్ళ పక్షమే. "వాళ్ళ బిడ్డ రక్తం, వాళ్ళ నంబరు. దాచడానికి మనమెవరమండీ?" అన్నాను. "నువ్వన్నది నిజమే." "మరి చెప్పండి." "చెబితే చూడ్డం మానేస్తారే." "అందరూ మానెయ్యరండి." "అదీ నిజమే." ఇలా ప్రతిదీ ఒప్పుకుంటూనే తను చేసేది చేస్తుంటే నాకు పిచ్చెక్కేది. కొన్నాళ్ళకి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు, మళ్ళీ మానేశారు. ఆ వాదనలో ఎవరు గెలిచారో ఈ రోజుకీ నాకు తెలీదు.

దుర్గ రెండో కాన్పుకి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. వస్తుందని ఎవరం అనుకోలేదు. సుభద్రమ్మ గారు మంచం పక్కన కూర్చుని, "ఈసారి ఆ పరీక్ష చెయ్యమంటావా, వద్దా? నీ ఇష్టమమ్మా" అన్నారు.  దుర్గ ఆలోచించి, "చెయ్యండి. ఏమొచ్చిందో చెప్పండి కూడా. వింటాను. కానీ ఈసారి నమ్మనండి" అంది. నాకు చివుక్కుమంది, అంతమందిలో డాక్టరమ్మ గారిని అంత మాట అంటుందా అని. ఆవిడ మాత్రం దుర్గ చెయ్యి గట్టిగా పట్టుకుని "నమ్మకమ్మా. అస్సలు నమ్మకు" అన్నారు. ఆడపిల్ల పుట్టింది. నంబరు తక్కువే వచ్చింది. చెబితే దుర్గ విని, కిటికీ పక్క మంచం ఇప్పించండి అంది. మూడో రోజున పిల్ల కాస్త పచ్చబడింది. మా అందరికంటే ముందు దుర్గే కనిపెట్టింది. లైటు కింద పెడితే తగ్గిపోయింది. అయితే మన పరీక్ష పనికొచ్చినట్టా, పనికి రానట్టా అని ఆవిణ్ణి అడిగాను. "నన్నడుగుతావేంటే, దుర్గనడుగు" అన్నారు. నవ్వుతూ అన్నారో, కోపంగా అన్నారో కూడా పోల్చుకోలేకపోయాను.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నేను ఇంకో ల్యాబులో చేస్తున్నాను. బొడ్డు రక్తం చూసి ఇంకా ఏవేవో చెప్పే రోజులు వస్తున్నాయంటున్నారు, పెద్దయ్యాక రాబోయే జబ్బులతో సహా. వింటే ఒక పక్క సంతోషం, ఒక పక్క దిగులు. ఏది ఎక్కువో తేల్చుకోలేను. తలుపేసుకుని పైకే మాట్లాడుకునే అలవాటు ఈమధ్య నాకూ వచ్చింది.

కిందటేడు నా కూతురికి కాన్పయింది. ఆ రోజుల్లో నా చంకలో ఉన్న పిల్లే. మనవడి బొడ్డు రక్తం రిపోర్టు ముందు నా ఫోనుకే వచ్చింది. నంబరు తక్కువ. చాలా తక్కువ. మంచం మీద నా కూతురు, నెలల తరబడి పడ్డ భయమంతా కళ్ళల్లోకి తెచ్చుకుని "అమ్మా, ఎలా ఉంది?" అంది. నోరు తెరిచాను. బాగుంది అనబోయాను, అనలేదు. "నంబరు తక్కువే ఉంది. అయినా చూస్తూ ఉండాలే" అన్నాను. దాని ముఖం వాడిపోయింది. లేని ఓపిక తెచ్చుకుని లేచి, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, వాడి కళ్ళు, వాడి ముక్కు, వాడి అరికాళ్ళు చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక కూడా అంతే. కన్ను మూతపడితే ఉలిక్కిపడి లేచేది. వాడికి ఏమీ కాలేదు. రవ్వంతైనా పచ్చబడలేదు. పచ్చి బాలింతని అంత అవస్థ పెట్టానని అల్లుడు గారు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు.

నా కూతురు ఇప్పటికీ ఊరుకోదు. కోపం వచ్చినప్పుడల్లా "బాగుందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదమ్మా?" అంటుంది. ఏం పోయేదో చెబుదామని దుర్గ కొడుకు సంగతి మొదలుపెడతాను. సగం చెప్పేసరికి, నిద్ర లేక ఎర్రబడిన దీని కళ్ళు గుర్తొచ్చి ఆగిపోతాను. దాని మాటే నిజమేమో, అనేసి ఉండాల్సిందేమో అనుకుంటాను. అంతలో మనవడు పక్క మీద కుయ్యిమంటాడు. ఇద్దరం పోట్లాట మధ్యలో వదిలేసి వాడి ముఖంలోకి చూస్తాం.